రెండో తాడు

ఎత్తయిన భవనాల మీద వేలాడుతూ పనిచేసేవాళ్ల వెనక ఎవరెవరు ఉండాలి? మన ఊళ్లలో ఎవరున్నారు?

2017 జూన్ 8. దక్షిణ కొరియాలోని యాంగ్సాన్‌లో ఒక అపార్ట్‌మెంటు బయటి గోడకు పని జరుగుతోంది. తాళ్ల మీద వేలాడుతున్న కూలీల్లో ఒకతను ఫోన్లో పాటలు పెట్టుకున్నాడు. లోపల పడుకున్న ఒకాయనకి ఆ చప్పుడు చిరాకు తెప్పించింది. సౌండు తగ్గించమని అరిచాడు. తరవాత కత్తి పట్టుకుని మేడ మీదికి వెళ్లి తాడు కోసేశాడు. డజను అంతస్తుల ఎత్తునుంచి పడి ఆ కూలీ చనిపోయాడు. అయిదుగురు పిల్లలున్న మనిషి. కోసినవాడికి కింది కోర్టు యావజ్జీవం వేసింది, అప్పీల్లో అది 35 ఏళ్లయింది.

నాలుగేళ్లు తిరిగాక, 2021 అక్టోబర్లో, బ్యాంకాక్ పక్కనున్న నొంతబురిలో ఇలాంటిదే ఇంకోటి జరిగింది. కండోమినియం గోడకు రంగులేస్తున్న మయన్మార్ కార్మికుల తాడు తన కిటికీ ముందు వేలాడుతుంటే ఒకావిడ దాన్ని కోసేసింది. పని సంగతి తనకి ముందుగా చెప్పలేదన్నది ఆమె కోపమని వార్తలొచ్చాయి. వాళ్లు అప్పటికి 26వ అంతస్తు దగ్గరున్నారు. కిందికి దిగే దారి లేదు. ఆ అంతస్తులో ఉన్నవాళ్లు కిటికీ తీసి లోపలికి రానిచ్చారు కాబట్టి బతికి బయటపడ్డారు.

ఈ రెండూ చదివి ‘మనుషులు ఇలా కూడా ఉంటారా’ అని పేజీ తిప్పేస్తాం. తాడు పని తెలిసినవాడికి మాత్రం వేరే ప్రశ్నలు తోస్తాయి. కత్తి పట్టుకున్నవాడు తాడు కట్టిన చోటిదాకా ఎలా రాగలిగాడు? అక్కడ కాపలా ఎవరు? రెండో తాడు ఉందా? ఉంటే దాన్ని చూసుకునేదెవరు? కిటికీ బయట మనుషులు వేలాడబోతున్నారని ఇంట్లోవాళ్లకి చెప్పాల్సింది ఎవరు? ప్రతి ప్రశ్నకీ ఫలానా మనిషి అని వేలుపెట్టి చూపించగలిగితే అది పద్ధతైన సైటు. ‘అందరం చూసుకుంటాం’ అన్నారంటే ఎవరూ చూడటం లేదని లెక్క.

గుహల నుంచి గోడల మీదికి

ఈ పనిని రోప్ యాక్సెస్ అంటారు. పరంజా కట్టడానికి కుదరని చోటికి, క్రేన్ చెయ్యి అందని చోటికి మనిషి తాళ్ల మీద చేరుకుని, పని ముగించుకుని తిరిగి రావడం. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అద్దాలు తుడిచేవాళ్లు కళ్లకి కనిపిస్తారు కాబట్టి అది అద్దాలు తుడిచే పని అనుకుంటాం. అనంతపురం జిల్లా గుట్టల మీది గాలిమరల రెక్కలకి పడ్డ చీలికలు పూడ్చడానికి, ఫ్యాక్టరీ చిమ్నీల లోపల మందం కొలవడానికి, సముద్రం మధ్యనున్న చమురు ప్లాట్‌ఫారాల అడుగున తుప్పు గోకి రంగు వేయడానికి వెళ్లేదీ ఈ మనుషులే. 2011 ఆగస్టులో అమెరికాలో భూకంపం వచ్చి వాషింగ్టన్ మాన్యుమెంటుకి పగుళ్లు పట్టినప్పుడు, 555 అడుగుల ఆ స్తంభం మీదినుంచి ఇంజినీర్లు తాళ్ల మీద దిగి ఒక్కో రాయీ తట్టి చూశారు. మధ్యలో గాలి విసురుకి ఒకతను గోడ నుంచి పక్కకి కొట్టుకుపోయాడు. తాళ్లు పట్టి ఉంచాయి, దెబ్బ తగల్లేదు, మళ్లీ పనిలోకి వెళ్లాడు.

అదే అమెరికాలో 1930లలో హూవర్ డ్యామ్ కట్టేటప్పుడు కొండ చరియల మీద వేలాడి రాళ్లు రాలగొట్టినవాళ్లకి ఉన్నది ఒక తాడు, ఒక చెక్క పీట. పైనుంచి పడే రాళ్లకి తలలు పగిలేవి. వాళ్లే గుడ్డ టోపీల్ని తారులో ముంచి, ఆరబెట్టి, గట్టిపడ్డాక తలకి పెట్టుకున్నారు. అవి పనిచేస్తున్నాయని చూశాకే కంపెనీ అసలైన గట్టి టోపీలు తెప్పించింది. భద్రత చాలాచోట్ల ఇలా కిందినుంచే పైకి వెళ్లింది. వెళ్లకముందు పోయినవాళ్ల లెక్క మాత్రం కిందే ఉండిపోయింది.

ఇప్పటి పద్ధతికి మూలం గుహల్లోకి దిగేవాళ్ల విద్య. 1980లలో బ్రిటన్ వాళ్లు దాన్ని ఉత్తర సముద్రపు చమురు ప్లాట్‌ఫారాల మీదికి తెచ్చారు. ఆ దశకం చివర్లో అక్కడి కంపెనీలు కలిసి ఇరాటా అనే సంఘం పెట్టుకున్నాయి. ఈ రోజు గల్ఫ్‌లోనైనా, మన తీరంలోనైనా పెద్ద చమురు కంపెనీ సైటులో తాడెక్కాలంటే ముందుగా అడిగేది దాని కార్డే. అమెరికాలో స్ప్రాట్ అని ఇంకో సంఘం ఉంది. ఆ వివరాల్లోకి పోనక్కర్లేదు, సూత్రం ఒకటే.

సూత్రం ఇది: మనిషికి ఎప్పుడూ రెండు తాళ్లు. ఒకటి పని తాడు. దాని మీద డిసెండర్ అనే పరికరం బిగించుకుని మెల్లగా దిగుతాడు, ఆగుతాడు. రెండోది బ్యాకప్ తాడు. దాని మీద ఇంకో చిన్న పరికరం అతనితోపాటు కదులుతూ వస్తుంది, ఒక్కసారిగా జారితే పట్టేసుకుంటుంది. రెండు తాళ్లనీ కట్టే యాంకర్లు కూడా వేరువేరు. బ్రిటన్‌లో 2005 నుంచి ఇది చట్టం. రెండో తాడు వల్లే ప్రమాదం పెరుగుతుందని ముందుగా తేలిస్తే తప్ప ఒంటి తాడు మీద దించకూడదు.

వస్తువులకే రెండోది ఉండి మనుషులకి లేకపోతే ఈ పద్ధతికి అర్థం లేదు. ఎంత చిన్న పనైనా కనీసం ఇద్దరుండాలి, అందులో ఒకరు అన్నిటికంటే పై మెట్టయిన లెవెల్ త్రీ అయి ఉండాలని ఇరాటా నియమం అందుకే.

మూడు మెట్లు

ఇరాటాలో ముందు నాలుగు రోజుల శిక్షణ, ఆ తరవాతి రోజు బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ముందు పరీక్ష. శిక్షణ ఇచ్చినవాడు పరీక్ష పెట్టడు. పాసైతే లెవెల్ వన్. అతను చెప్పిన పని చెప్పిన తాడు మీద, లెవెల్ త్రీ కనుసన్నల్లో చేస్తాడు. ఒంటికి కట్టుకునే తన హార్నెస్, తన క్లిప్పులు, తన డిసెండర్ రోజూ తనే పరిశీలించుకోవడం అతని బాధ్యత, అది ఇంకెవరి మీదికీ నెట్టేది కాదు. ఏడాది పాటు, 1,000 గంటలు తాడు మీద గడిపాక లెవెల్ టూకి అర్హత వస్తుంది. అక్కడ తాళ్లు కట్టడం, తోటివాణ్ణి కాపాడటం నేర్చుకుంటాడు. ఇంకో ఏడాది, ఇంకో 1,000 గంటలు అయితే లెవెల్ త్రీ పరీక్ష. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఏ కార్డైనా మూడేళ్లే చెల్లుతుంది, తరవాత మళ్లీ పరీక్షకి కూర్చోవాల్సిందే.

లెవెల్ త్రీ అంటే తాడు మీద మిగతావాళ్లకంటే చురుగ్గా కదిలేవాడని చాలామంది అనుకుంటారు. చాలా సైట్లలో అతను రోజంతా తాడెక్కడు కూడా. అతని పని చూడటం, అనుమతించడం, ఆపడం. ‘ఇవాళ దిగం’ అనే మాట అనగలిగినవాడు, అన్నాక నిలబడగలిగినవాడు. ఆ మాటకి విలువ లేని చోట మిగతా హంగులన్నీ అలంకారమే.

పొద్దున్న ఏడింటికి మేడ మీద ఏం జరగాలో చూద్దాం. ముందు పర్మిట్ కాగితం: ఏ గోడ, ఎంతమంది, ఎన్నింటిదాకా, మబ్బు పట్టి ఉరుము వినిపిస్తే ఏం చేయాలి. తరవాత అందరినీ నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడతారు, దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. ఆ తరవాత యాంకర్లు. మన దగ్గర వాటర్ ట్యాంకు పైపుకో, డిష్ యాంటెన్నా స్తంభానికో తాడు చుట్టేయడం చూస్తుంటాం. యాంకర్ ఒక్కోటీ 15 కిలోన్యూటన్లు, అంటే సుమారు ఒకటిన్నర టన్నుల బరువుకి నిలవాలని ఇరాటా నియమావళి. డిష్ యాంటెన్నా స్తంభం పెద్ద గాలివానకే వంగుతుంది.

యాంకర్‌కి తగిలించే కొసన ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేస్తారు. వేసినవాడు ఒకడు, వేలు పెట్టి సరిచూసేవాడు ఇంకొకడు. పిట్టగోడ అంచు మీద తాడు ఒరుసుకునే చోట దళసరి తొడుగు వేస్తారు. పాత బావుల ఒరల మీద చేంతాడు ఒరిసి ఒరిసి గాడులు పడటం చూసే ఉంటారు. ఇక్కడ తిరగబడి, కాంక్రీటు అంచే తాడుని తినేస్తుంది.

ఇక నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది తాడు కింది కొసన వేసే ముడి. ఇరవయ్యో అంతస్తు నుంచి జారవిడిచిన తాడు నేలదాకా అందిందో, మూడో అంతస్తు దగ్గరే ఆగిపోయిందో పైనున్నవాడికి కనబడదు. పొట్టి తాడు మీద దిగుతూ దిగుతూ వచ్చినవాడు, చూపంతా గోడ మీదే ఉన్నవాడు, కొస దాటి జారిపోకుండా డిసెండర్‌ని ఆపేది ఆ ముడే. పైసా ఖర్చు లేదు. అర నిమిషం పని. అది వేశారో లేదో చూస్తే ఆ జట్టు ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఆఖరున కింద నిలబడే మనిషి. జట్టులో అందరికంటే తక్కువ జీతం అతనిదే. ఎర్ర టేపు కట్టి, కుర్చీ వేసుకుని కూర్చుంటాడు కాబట్టి ఖాళీగా ఉన్నాడనిపిస్తుంది. పైనుంచి జారిన స్క్రూడ్రైవర్ ఎవరి నెత్తినా పడకుండా జనాన్ని మళ్లించేది అతను. వేలాడే తాడు కొస రివర్స్ చేస్తున్న కారు బంపర్‌కి చిక్కుకోకుండా చూసేదీ అతనే. కారు కదిలితే పైనున్న మనిషి పరిస్థితి ఊహించుకోండి. ఆ కుర్చీలోని మనిషిని ‘కాస్త రెండు టీలు పట్రా’ అని పంపే సూపర్‌వైజర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

అడిగి ఊరుకున్న మేనేజర్

బాధ్యత ఉన్నవాడు ఎక్కడ జారిపోతాడో చెప్పడానికి టొరంటో కేసుకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. అది తాడు పని కాదు, మన దగ్గర జూలా అని పిలిచే వేలాడే వేదిక మీది పని. 2009 డిసెంబర్ 24, క్రిస్మస్ ముందురోజు. ఎత్తయిన అపార్ట్‌మెంటు బాల్కనీలకి మరమ్మతు. సాయంత్రం పని ముగించి దిగడానికి ఆరుగురు కార్మికులు పనిముట్లతో సహా వేదిక ఎక్కారు. అక్కడున్న ప్రాణ తాళ్లు రెండే. ప్రాజెక్ట్ మేనేజర్ ఆ సంగతి చూశాడు. ‘మిగతా తాళ్లేవి?’ అని ఫోర్‌మన్‌ని అడిగాడు కూడా. ‘కంగారు పడకండి’ అన్న ధోరణిలో జవాబొచ్చింది. మేనేజర్ ఊరుకున్నాడు.

వేదిక మధ్యకి విరిగింది. మేనేజర్ బాల్కనీ పట్టుకుని బయటపడ్డాడు. అయిదుగురు వంద అడుగులకి పైగా కిందికి పడ్డారు, నలుగురు చనిపోయారు. వాళ్లలో ఆ ఫోర్‌మన్ కూడా ఉన్నాడు. ఆరో కార్మికుడు తన ప్రాణ తాడుకి సరిగ్గా తగిలించుకున్నాడు, దాని మీద వేలాడుతూ మిగిలాడు. కంపెనీకి వేసిన 2 లక్షల డాలర్ల జరిమానాని అప్పీల్ కోర్టు 2013లో ఏడున్నర లక్షలకి పెంచింది. 2016లో మేనేజర్‌కి మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. అతను చూడలేదని కోర్టు అనలేదు. చూశాడు, అడిగాడు, అయినా ఎక్కనిచ్చాడు. శిక్ష దానికే.

మన సైట్లలో అడిగేవాళ్లకి కొదవ లేదు. సేఫ్టీ ఆఫీసర్ వస్తాడు, ‘బెల్టు పెట్టుకున్నారా?’ అంటాడు, ఫొటో తీసుకుని వాట్సాప్ గ్రూపులో పెడతాడు. పెట్టుకున్న బెల్టు దేనికి తగిలించి ఉందో ఫొటోలో కనబడదు. బెల్టంటే నడుముకి చుట్టుకునేదే చాలాచోట్ల. నడుము బెల్టు మీద పడితే పొట్ట, వెన్నుపూస నలిగిపోతాయి. తొడలకీ భుజాలకీ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. దానికి ఐఎస్ 3521 అని మన దేశపు ప్రమాణమే ఉంది, ముద్ర చూసి కొనుక్కోవచ్చు.

కంటికి కనబడని తెగులు

తాడు తెగడం గురించి జనానికున్న ఊహ ఒకటి: పోగులు పోగులుగా లేచి, సినిమాలో మాదిరి ఒక్కో పోగూ టపటపా తెగడం. ఈ పనికి వాడే తాడులో లోపల బరువు మోసే పోగుల కట్ట, పైన దాన్ని కాపాడే అల్లిక ఉంటాయి. పది, పదకొండు మిల్లీమీటర్ల మందం, ఎక్కువగా నైలాన్. నైలాన్‌కి యాసిడ్ అంటే పడదు. కొత్త భవనం అద్దాల మీద పడ్డ సిమెంటు మరకలు పోగొట్టడానికి వాడేది సాధారణంగా యాసిడ్ కలిసిన ద్రావణమే. డబ్బాలూ తాళ్లూ ఒకే ఆటో ట్రాలీలో పడి వస్తాయి. మూత వదులై కారిన చుక్క తాడుకి తగిలితే పైకి చిన్న మరక కూడా కనిపించకపోవచ్చు, లోపల బలం మాత్రం పోతుంది. లాగి చూస్తే గట్టిగానే ఉన్నట్టుంటుంది.

పద్ధతి తెలిసిన సంస్థలు ప్రతి తాడుకీ, ప్రతి క్లిప్పుకీ నంబరు వేసి, ఎప్పుడు కొన్నారు, ఏ సైటులో వాడారు, ఎవరు పరిశీలించారు అని రాసుకునేది ఇందుకే. రోజూ వాడేముందు చూసుకోవడం కాకుండా, ఆరు నెలలకోసారి పనితెలిసినవాడు కూర్చుని మొత్తం తనిఖీ చేస్తాడు. అనుమానమొస్తే ఆ తాడుని ముక్కలుగా నరికేస్తారు. పారేసినది ఎవడో ఏరుకుని మళ్లీ వాడకుండా. డబ్బు పెట్టి కొన్న తాడుని బాగున్నట్టు కనిపిస్తుండగానే నరకడానికి మన కాంట్రాక్టరుకి చెయ్యి రాదు, అది అర్థం చేసుకోగలను. కానీ తాడు మీద ఉండేది అతను కాదు.

పట్టుకున్నాక ఏమిటి?

జారాడు, బ్యాకప్ పట్టుకుంది, బతికాడు. కథ అక్కడితో అయిపోయిందనుకుంటాం. స్పృహ తప్పి, కాళ్లు కదపకుండా హార్నెస్‌లో నిటారుగా వేలాడే మనిషికి ఎక్కువ సమయం ఉండదు. రక్తం కాళ్లలోకి దిగిపోయి, గుండెకీ మెదడుకీ చాలక, కొన్ని నిమిషాల్లోనే పరిస్థితి విషమిస్తుంది. వడదెబ్బ తగిలినా ఇదే జరుగుతుంది. మే నెలలో పడమటి అద్దాల గోడ మీద, వెనక ఎండ, ముందు అద్దం నుంచి తిరిగొచ్చే ఎండ, మధ్యలో మనిషి.

‘ఫైరింజన్ వస్తుంది’ అన్నది రెస్క్యూ ప్లాన్ కాదు. ట్రాఫిక్ దాటి రావాలి, గేటు లోపలికి ఆ బండి పట్టాలి, పట్టినా ముప్పయ్యో అంతస్తుకి నిచ్చెన అందాలి. అందుకే పని మొదలుకాకముందే, పడిపోయినవాణ్ణి ఎవరు, ఏ తాడు మీద, ఎలా దించాలో జట్టు నిర్ణయించుకుని ఉంటుంది. కొన్ని జట్లు తాళ్లని పైనుంచే వదులుచేసేలా ఒక పరికరంతో కడతాయి. మనిషి వేలాడుతుండగా మేడ మీదున్నవాడు ఆ పరికరం తిప్పితే అతను మెల్లగా నేలకి దిగుతాడు, ఇంకొకరు గోడ మీదికి వెళ్లే పనే ఉండదు. చూడటానికి చాలా సాదా ఏర్పాటు. దానికోసం మేడ మీద ఒక మనిషి ఖాళీగా నిలబడి ఉండాలి. ఆ ‘ఖాళీ’ మనిషి కూలీనే కొటేషన్లో మొదట కొట్టేస్తారు.

ఎత్తు పని మనకి కొత్తేమీ కాదు. మోకు నడుముకి తగిలించుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికులు తరాలుగా ఆ విద్య మీదే బతుకుతున్నారు, ఎందరో దాని మీదే పోయారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకి ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. అయితే గీత కార్మికుడు చెట్టు మీద ఒంటరి. కిట్టు అతన్ని పట్టి ఉంచినా, దించడానికి చెట్టు కింద ఇంకొకరుండాలన్న మాట ఇంకా ఎవరూ గట్టిగా అనడం లేదు.

చట్టం ఎక్కడ ఆగింది

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కట్టడంతోపాటు మరమ్మతునీ, నిర్వహణనీ లెక్కలోకి తీసుకుంది. పదిమందీ అంతకుమించీ పనిచేసే చోట్లకే అది వర్తించేది. దాన్ని ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపినా పదిమంది గీత అలాగే ఉంది. అపార్ట్‌మెంటుకి రంగులేయడానికి నలుగురితో వచ్చే మేస్త్రీ ఆ గీతకి ఇవతలే ఉండిపోతాడు. ప్రమాదం జరిగాక పోలీసులు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ పెడతారు: నిర్లక్ష్యం వల్ల మరణం, అయిదేళ్ల దాకా శిక్ష. అది ఎక్కువగా మేస్త్రీ మీదే ఆగుతుంది. పని ఇచ్చిన అసోసియేషన్‌ని ఎవరూ ఏమీ అడగరు.

అడగాల్సింది ఉంది. అపార్ట్‌మెంటు కమిటీ సమావేశంలో మూడు కొటేషన్లు టేబుల్ మీద పెట్టి చదరపు అడుగు రేటు పోలుస్తారు. రెండు రూపాయలు తక్కువన్నవాడికి పని దక్కుతుంది. ఆ రెండు రూపాయల్లో ఏముందో ఎవరూ చూడరు. మేడ తలుపు తాళం ఎవరి దగ్గరుంటుంది, ఏ రోజు ఏ వరస ఫ్లాట్ల ముందు మనుషులుంటారో నోటీసు ఎవరు అతికిస్తారు, పార్కింగ్‌లో ఏ జాగా ఖాళీ చేయించాలి, ఇవి మేస్త్రీ చేతిలో ఉన్న పనులు కావు. కమిటీ చేతిలోవి. యాంగ్సాన్‌లో, నొంతబురిలో తప్పిపోయినవి కూడా ఇలాంటివే. కొత్తగా కట్టే టవర్లకైతే మేడ మీద శాశ్వత యాంకర్లు బిల్డరే పెట్టించొచ్చు. ఫ్లాటు కొనేటప్పుడు క్లబ్‌హౌస్ గురించి అడిగే మనం వాటి గురించి అడగం.

ఇరాటా పద్ధతిలో పనిచేసేవాడి దగ్గర లాగ్‌బుక్ అని చిన్న పుస్తకం ఉంటుంది. ఏ తేదీన, ఏ కట్టడం మీద, ఏ పని, ఎన్ని గంటలు అని రాసుకుని లెవెల్ త్రీ చేత సంతకం పెట్టించుకుంటాడు. సంతకం లేని గంట లెక్కలోకి రాదు. గల్ఫ్‌లో ఉద్యోగం ఇచ్చేవాడు ముందు తిరగేసేది ఆ పుస్తకాన్నే. మన పేటల్లో ఇరవయ్యేళ్లుగా గోడల మీద వేలాడుతున్న పెయింటర్లున్నారు. రోజుకి ఆరేడు గంటలు తాడు మీదే ఉంటారు. రేపు వాళ్లలో ఎవరైనా ఫీజు కూడగట్టుకుని శిక్షణలో చేరితే, మొన్ననే పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడి పక్కన నిలబడి లెవెల్ వన్ నుంచే మొదలుపెట్టాలి. ఇన్నేళ్ల గంటలకి సంతకం పెట్టడానికి వాళ్ల పైన ఎవరూ లేరు.